కప్పులు లాక్కున్నారు, పాయింట్లు వదిలేశారు: కామెరాన్ స్మిత్ లెక్క

కామెరాన్ స్మిత్ ఎన్నిసార్లు చాంపియన్ అయ్యాడు? ప్రశ్న చిన్నదే. ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ అధికారిక రికార్డు చూస్తే మూడుసార్లు: 2012, 2017, 2020. అతను ఆడిన మెల్‌బోర్న్ స్టార్మ్ క్లబ్బు అభిమానిని అడిగితే 2007నీ 2009నీ కలిపి అయిదు అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ రెండు ఫైనళ్ళూ జరిగాయి, స్టార్మ్ గెలిచింది, వేల మంది ముందు కప్పు ఎత్తింది. కానీ ఈరోజు విజేతల పట్టికలో ఆ రెండేళ్ళ ఎదురుగా ఎవరి పేరూ ఉండదు.

స్మిత్ మొత్తం పాయింట్లెన్ని అని అడిగితే మాత్రం ఏ గొడవా లేదు. 430 మ్యాచ్‌లు, 2,786 పాయింట్లు. సిడ్నీలో 1908లో మొదలై ఇప్పుడు ఎన్‌ఆర్‌ఎల్ అనే పేరుతో నడుస్తున్న ఆ లీగ్‌లో రెండూ రికార్డులే. తమాషా ఏమిటంటే, ఈ 2,786లో 2007, 2009 పాయింట్లు కూడా ఉన్నాయి. కిక్ చెల్లుతుంది. ఆ కిక్ సాయంతో వచ్చిన కప్పు చెల్లదు. ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు ఆట సంగతి, అందులో స్మిత్ నిలబడే చోటు సంగతి కాస్త చెప్పుకోవాలి.

రగ్బీ అనే పేరుతో రెండు ఆటలున్నాయి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఉత్తర ఇంగ్లండ్‌లో ఆడేవాళ్ళలో చాలామంది గనుల్లో, మిల్లుల్లో పనిచేసే కార్మికులు. మ్యాచ్ కోసం పని మానేస్తే ఆ రోజు కూలి పోతుంది. పోయిన కూలి మేమిస్తామని అక్కడి క్లబ్బులు అన్నాయి. డబ్బు తీసుకుని ఆడడం ఆటకు మచ్చ అని పైనున్న పెద్దమనుషులు ఒప్పుకోలేదు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఇరవైకి పైగా క్లబ్బులు కూర్చుని వేరు కుంపటి పెట్టుకున్నాయి. అదే తర్వాత రగ్బీ లీగ్ అయింది. ఒలింపిక్స్‌లో కనిపించేదీ, మన దగ్గర హైదరాబాద్ హీరోస్ అనే జట్టు దిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో ఆడేదీ ఇది కాదు. అవి రెండో శాఖకు, అంటే రగ్బీ యూనియన్‌కు చెందిన ఏడుగురి ఆట. ఒక రోజు కూలి దగ్గర పుట్టిన ఆటకు నూట పదిహేనేళ్ళ తర్వాత జీతాల దగ్గరే పెద్ద దెబ్బ తగిలింది. ఆ సంగతి కాసేపట్లో వస్తుంది.

రగ్బీ లీగ్‌లో జట్టుకు 13 మంది. బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తాలి, ముందుకు విసరకూడదు. అవతలివాళ్ళు పట్టి పడేస్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకది నిక్కర్లేసుకుని ఆడే చెడుగుడులాగే కనిపించింది. ఆ పోలిక పూర్తిగా తప్పేమీ కాదు. ఒక జట్టును ఆరుసార్లు పట్టి పడేస్తే బంతి అవతలివాళ్ళది అయిపోతుంది. పడిపోయినవాడు లేచి బంతిని నేలమీద పెట్టి కాలితో వెనక్కి దొర్లిస్తాడు, వెనక వంగి నిలబడ్డ ఒకడు దాన్ని అందుకుంటాడు. ఆ ఒకడే హుకర్. స్మిత్ ఆడింది ఆ స్థానంలోనే.

హుకర్‌ను ఫార్వర్డ్‌ల కింద లెక్కేస్తారు. ఫార్వర్డ్‌లు ఆరుగురు. ఢీకొట్టడం, పట్టి పడేయడం, మళ్ళీ లేచి అదే పని చేయడం వాళ్ళ ఉద్యోగం. పూర్వం స్క్రమ్‌లో రెండు జట్లూ తలలు కలిపి తోసుకుంటుంటే మధ్యలో బంతిని కాలితో కొక్కెంలా లాగేవాడు కాబట్టి హుకర్ అన్నారు. ఇప్పుడు స్క్రమ్ పేరుకే మిగిలింది. హుకర్ పని మాత్రం పెరిగింది, ఎందుకంటే దాదాపు ప్రతి ఎత్తూ అతని చేతి మీదుగానే మొదలవుతుంది. క్రికెట్‌లో ప్రతి బంతినీ చూసే వికెట్ కీపరే కెప్టెన్ అయితే ఎలా ఉంటుందో మనకు తెలుసు. స్మిత్ అలాంటివాడు. తోటి ఫార్వర్డ్‌ల పక్కన నిలబడితే సన్నగా కనిపించేవాడు. వేగంగా పరిగెత్తేవాడు కూడా కాదు. ఎవరు అలసిపోయారు, ఏ వైపు ఖాళీ ఉంది, రిఫరీ ఎంతవరకు ఊరుకుంటాడు అన్నవి అందరికంటే ఒక క్షణం ముందు పసిగట్టడం అతని బలం.

ఫార్వర్డ్ గోల్ కిక్కర్ కావడం ఎందుకు అరుదో పట్టిక చూస్తే తెలుస్తుంది. పాయింట్ల రికార్డు స్మిత్‌కంటే ముందు హజెమ్ ఎల్ మస్రీది, 2,418. అతను వింగర్, అంటే మైదానం అంచున ఆడేవాడు. జొనాథన్ థర్స్టన్, ఆండ్రూ జాన్స్, జేసన్ టేలర్ అందరూ హాఫ్‌లు, వెనక నిలబడి ఆట నడిపేవాళ్ళు. ఒంట్లో కాస్త ఊపిరి మిగిలి ఉండేవాళ్ళు అన్నమాట. ఫార్వర్డ్ ముప్ఫై నలభైసార్లు మనుషుల్ని పట్టి పడేసి, తనూ పడి, వగరుస్తూ వచ్చి బంతిని టీ మీద, అంటే దాన్ని నిలబెట్టే చిన్న పీట మీద పెట్టి గుండె దడ తగ్గించుకుని కొట్టాలి. ఇంగ్లండ్‌లో ఆండీ ఫారెల్, కెవిన్ సిన్‌ఫీల్డ్ అనే ఇద్దరు ఫార్వర్డ్‌లు ఈ పని బ్రహ్మాండంగా చేశారు. సిన్‌ఫీల్డ్ ఒక్క లీడ్స్ క్లబ్బుకే 3,967 పాయింట్లు చేశాడు. అయినా ఇలాంటివాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆ కిక్‌లో ఉన్న కష్టం కొంచెం చూడండి. గీత దాటి బంతిని నేలకు తాకిస్తే ట్రై, 4 పాయింట్లు. ఆ వెంటనే గోల్ కొడితే ఇంకో 2. అయితే ట్రై ఎక్కడ చేశారో దానికి ఎదురుగా ఉన్న గీత మీదే బంతి పెట్టి కొట్టాలి, ఎంత వెనక్కి వెళ్ళాలన్నది కిక్కర్ ఇష్టం. మైదానం వెడల్పు 68 మీటర్లు. గోల్ స్తంభాల మధ్య దూరం అయిదున్నర మీటర్లు, అడ్డకమ్మి 3 మీటర్ల ఎత్తు. మధ్యలో ట్రై పడితే 20 మీటర్ల దూరం నుంచి కిక్కర్‌కు దాదాపు 16 డిగ్రీల సందు దొరుకుతుంది. సరిగ్గా మూల నుంచి కొట్టాల్సి వస్తే ఎంత తెలివిగా చోటు ఎంచుకున్నా ఆ సందు 4.6 డిగ్రీలు దాటదు. ఆ మేలైన కోణం కోసం 34 మీటర్లు వెనక్కి వెళ్ళాలి, అప్పుడు బంతి 48 మీటర్లు ఎగరాలి. అదే 20 మీటర్ల దగ్గర ఆగితే కోణం నాలుగు డిగ్రీలకు తగ్గుతుంది గానీ దూరం 39 మీటర్లకు దిగుతుంది. అర డిగ్రీ వదులుకుంటే తొమ్మిది మీటర్లు మిగులుతాయి. అలసిన కాళ్ళకు ఏ బేరం మంచిది? ప్రతి మూల కిక్‌కూ ఈ లెక్క మనసులో జరిగిపోవాలి. దీనికి గాలి, తడి గడ్డి, గోల పెట్టే జనం అదనం.

స్మిత్ 2,786 పాయింట్లను విడదీస్తే 48 ట్రైలు, 1,295 గోల్స్, 4 ఫీల్డ్ గోల్స్. ట్రైల నుంచి వచ్చినవి 192. గోల్స్ నుంచి 2,590, అంటే నూటికి 93 పాళ్ళు కాలితో తెచ్చినవే. మిగతా నాలుగు, ఆట నడుస్తుండగా బంతిని నేలకు తాకించి స్తంభాల మధ్యకు తన్నిన ఒక్కో పాయింట్ గోల్స్.

ఇక్కడో మాట గుర్తుపెట్టుకోవాలి. 1,295 గోల్స్‌లో పెనాల్టీలు కొన్ని ఉన్నా, చాలావరకు జట్టులో ఎవరో ట్రై చేస్తేనే అతనికి దొరికిన అవకాశాలు. బలమైన జట్టులో ఆడే కిక్కర్‌కు అవకాశాలు ఎక్కువ. ఇది తర్వాత పనికొస్తుంది.

స్మిత్ 1983లో పుట్టాడు. బ్రిస్బేన్ పక్కన లోగన్‌లో పెరిగాడు. రగ్బీ లీగ్‌కు కంచుకోట లాంటి క్వీన్స్‌లాండ్ కుర్రాడు ఆడడానికి వెళ్ళింది మెల్‌బోర్న్‌కు. అక్కడ జనానికి ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ తప్ప ఇంకోటి పట్టదు. స్టార్మ్ క్లబ్బు అక్కడ 1998లో మొదలై, రెండో ఏడాదే కప్పు గెలిచింది. స్మిత్ 2002లో దిగాడు, అదీ హాఫ్‌బ్యాక్‌గా. తర్వాత హుకర్‌గా స్థిరపడ్డాడు. అప్పట్లో జట్టు కిక్కర్ మాట్ ఓర్ఫర్డ్. 2005 తర్వాత అతను సిడ్నీలోని మ్యాన్లీ క్లబ్బుకు వెళ్ళిపోయాడు, ఇక కిక్కింగ్ బరువు ప్రధానంగా స్మిత్ మీద పడింది. 2006లో లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే డాలీ ఎమ్ పతకం అతనికే వచ్చింది. ఫైనల్ మాత్రం బ్రిస్బేన్ చేతిలో 15–8తో పోయింది. 2007లో మ్యాన్లీ మీద 34–8తో కప్పు. కోచ్ క్రెయిగ్ బెల్లమీ, స్మిత్, బిల్లీ స్లేటర్, కూపర్ క్రాంక్, గ్రెగ్ ఇంగ్లిస్. ఇంతమంది ఒకే జట్టులో ఎలా పట్టారని అప్పుడే కొందరు గొణిగారు.

డబ్బు గొడవకు ముందు ఇంకో మచ్చ ఉంది, అది స్మిత్ సొంతది. పడేసినవాడు ఎంత ఆలస్యంగా లేస్తే రక్షించే జట్టుకు అంత లాభం, వరస సర్దుకుని నిలబడడానికి సమయం దొరుకుతుంది. అందుకని స్టార్మ్ కుస్తీ, జియుజిట్సు పట్లు నేర్పించే శిక్షకుణ్ణి పెట్టుకుంది. మెడ చుట్టూ చెయ్యి వేసి నొక్కి పట్టడాన్ని గ్రాపుల్ టాకిల్ అంటారు, నిబంధనలు ఒప్పుకోవు. 2008 ప్లేఆఫ్స్‌లో బ్రిస్బేన్ ఆటగాడు సామ్ థైడేను అలా పట్టుకున్నందుకు స్మిత్‌పై రెండు మ్యాచ్‌ల నిషేధం పడింది. రెండోది ఫైనల్. కెప్టెన్, హుకర్, కిక్కర్ ముగ్గురూ ఒకేసారి లేని స్టార్మ్‌ను మ్యాన్లీ 40–0తో చితక్కొట్టింది. మ్యాన్లీ హాఫ్‌బ్యాక్ ఎవరనుకున్నారు? మాట్ ఓర్ఫర్డ్. స్మిత్‌ను పొగిడేవాళ్ళు ఆ నిషేధం అన్యాయమంటారు. ఆ పట్టును ఆటలోకి తెచ్చినవాళ్ళలో స్టార్మ్ ముందుంది కాబట్టి, ఏదో ఒక రోజు దాని బిల్లు వాళ్ళకు రావాల్సిందే అని నా అభిప్రాయం.

2009లో మళ్ళీ ఫైనల్, పారమట్టా మీద 23–16తో విజయం. ఆ తర్వాతే అసలు కథ.

ఎన్‌ఆర్‌ఎల్‌లో క్లబ్బులు ఆటగాళ్ళ జీతాలకు ఏడాదికి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని ఒక హద్దు ఉంటుంది. ఐపీఎల్ వేలం చూసేవాళ్ళకు వివరించక్కర్లేదు, పర్సు అయిపోతే చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. డబ్బున్న క్లబ్బే మంచివాళ్ళందర్నీ కొనేసుకోకుండా ఈ కట్టడి. స్టార్మ్ యాజమాన్యంలోని కొందరు రెండు రకాల లెక్కలు నడిపారు. లీగ్‌కు చూపించే ఒప్పందం ఒకటి, ఆటగాడికి అదనంగా ఇస్తామని రాసిన ఉత్తరం ఇంకొకటి. ఈ రెండో ఫైలు వేరే చోట దాచారు. 2010 ఏప్రిల్ 22న అది బయటపడింది. లీగ్ అధిపతి డేవిడ్ గాలప్ ఆ రోజే శిక్ష ప్రకటించాడు. 2007, 2009 టైటిళ్ళు రద్దు. 2006 నుంచి 2008 వరకు లీగ్ దశలో అగ్రస్థానానికి ఇచ్చిన గౌరవాలు రద్దు. ఆ ఏడాది మొదట్లో లీడ్స్ మీద గెలిచిన ప్రపంచ క్లబ్ టైటిల్ కూడా రద్దు. 5 లక్షల డాలర్ల జరిమానా, గెలుచుకున్న 11 లక్షల బహుమతి డబ్బు వాపసు. తర్వాత జరిగిన ఆడిట్‌లో అయిదేళ్ళలో హద్దు దాటింది దాదాపు 32 లక్షల డాలర్లని తేలింది. ఆటగాళ్ళు తెలిసి ఇందులో పాలుపంచుకున్నారని మాత్రం తేలలేదు.

అన్నిటికంటే వింత శిక్ష 2010 సీజన్‌ది. అప్పటికి జట్టు లీగ్ పట్టికలో సంపాదించిన పాయింట్లు తీసేశారు, మిగిలిన మ్యాచ్‌లు ఎన్ని గెలిచినా సున్నానే అన్నారు. ఆడడం మాత్రం తప్పనిసరి. ప్రకటన వచ్చిన మూడో రోజునే మ్యాచ్. న్యూజిలాండ్ వారియర్స్‌ను స్టార్మ్ 40–6తో ఓడించింది, పట్టికలో ఏమీ కదల్లేదు. ఆ ఏడాది 14 మ్యాచ్‌లు గెలిచి ఆఖరి స్థానంలో నిలిచిన జట్టది. జీతం ఆపేసిన ఆఫీసుకు రోజూ టైముకు వెళ్ళి ఫైళ్ళు తేల్చినట్టు. స్మిత్ మూల నుంచి బంతి పెట్టి కొట్టేవాడు, అది దూరేది, స్కోరుబోర్డు మీద రెండు పడేవి. జట్టుకు ఆ రెండుతో పనిలేదు. స్మిత్ ఖాతాలోకి మాత్రం చేరేవి, ఇప్పటికీ ఉన్నాయి.

ఎందుకిలా? న్యాయంగా చూస్తే రెండూ ఒకలాగే ఉండాలి కదా అనిపిస్తుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడికి తెస్తే అనుమానం ఇంకా పెరుగుతుంది. హద్దు దాటి కొన్న జట్టు ఎక్కువ ట్రైలు చేస్తే కిక్కర్‌కు ఎక్కువ అవకాశాలు వచ్చినట్టేగా? అంటే స్మిత్ గోల్స్ కూడా ఆ డబ్బుతో బొత్తిగా సంబంధం లేనివి కావు.

కానీ లీగ్ రద్దు చేసింది టైటిళ్ళను, మ్యాచ్‌లను కాదు. 2007 ఫైనల్ స్కోరు 34–8 అలాగే ఉంది. మ్యాన్లీకి గానీ, 2009లో ఓడిన పారమట్టాకు గానీ కప్పు ఇవ్వలేదు. ఇస్తే, సెమీస్‌లో స్టార్మ్ చేతిలో ఓడినవాళ్ళు మా సంగతేంటి అంటారు. అంతకుముందు ఓడినవాళ్ళూ అదే అంటారు. ఒక దారం లాగితే చీరంతా ఊడొస్తుంది. మ్యాచ్‌లే లేవనుకుంటే ఎదుటి జట్ల ఆటగాళ్ళ ట్రైలూ పోవాలి, వాళ్ళ మ్యాచ్‌ల సంఖ్యా తగ్గాలి. అందుకని కప్పు క్లబ్బుది కాబట్టి క్లబ్బు నుంచి తీసుకున్నారు, ఆటగాడు మైదానంలో చేసింది ఆటగాడికి వదిలేశారు. ఆ ఫైనళ్ళలో ఉత్తమ ఆటగాళ్ళకిచ్చిన క్లైవ్ చర్చిల్ పతకాలు, 2007లో ఇంగ్లిస్‌దీ 2009లో స్లేటర్‌దీ, ఇప్పటికీ వాళ్ళ పేర్ల మీదే ఉన్నాయి. చాంపియనే లేని ఫైనల్‌కు ఉత్తమ ఆటగాడున్నాడు! తర్కానికి నిలబడదు గానీ, ఇంతకంటే మంచి పద్ధతి నాకైతే తోచలేదు.

మనకు దీనికి సరిగ్గా తలకిందులైన ఉదాహరణ ఉంది. డెక్కన్ ఛార్జర్స్ 2009లోనే ఐపీఎల్ గెలిచింది. 2012లో ఆ ఫ్రాంచైజీయే రద్దయింది. జట్టు లేదు, కప్పు మాత్రం రికార్డుల్లో పదిలంగా ఉంది. మెల్‌బోర్న్‌లో జట్టు ఉంది, అదే ఏడాది కప్పు లేదు.

స్మిత్ లెక్కను తేలిగ్గా కొట్టేయకపోవడానికి బలమైన కారణం 2010 తర్వాతి పదేళ్ళు. హద్దులోకి రావడానికి స్టార్మ్ ఇంగ్లిస్‌ను, ర్యాన్ హాఫ్‌మన్‌ను, ఇంకొందరిని వదులుకుంది. స్మిత్, స్లేటర్, క్రాంక్ మిగిలారు. 2011లో లీగ్ దశలో అగ్రస్థానం, 2012లో క్యాంటర్‌బరీ మీద 14–4తో కప్పు. అదే సమయంలో క్వీన్స్‌లాండ్ తరఫున స్టేట్ ఆఫ్ ఆరిజిన్ అనే రాష్ట్రాల మధ్య పోటీలో 42 మ్యాచ్‌లు, 2006 నుంచి 2013 దాకా వరసగా ఎనిమిది సిరీస్‌లు. కెప్టెన్‌గా ఆస్ట్రేలియాకు 2013, 2017 ప్రపంచకప్పులు. రాష్ట్ర జట్టుకూ దేశ జట్టుకూ ఏ క్లబ్బు జీతపు హద్దుతోనూ సంబంధం లేదు కాబట్టి అక్కడి లెక్కలో మరక పడే వీలే లేదు. మొదటి డాలీ ఎమ్ పతకం వచ్చిన పదకొండేళ్ళకు, 2017లో, రెండోది వచ్చింది. ఆ ఏడాదే డారెన్ లాకియర్ 355 మ్యాచ్‌ల రికార్డు దాటాడు. ఎల్ మస్రీ పాయింట్ల రికార్డు 2019లో దాటాడు. 400 మ్యాచ్‌లు ఆడిన మొదటివాడూ అదే ఏడాది అయ్యాడు. ఢీకొట్టే స్థానంలో ఆడుతూ పంతొమ్మిది సీజన్లు ఒళ్ళు నిలబెట్టుకోవడం పాయింట్ల కంటే పెద్ద విషయమని నాకనిపిస్తుంది. 1,295 గోల్స్ రావడానికి ముందు మైదానంలో ఉండాలి కదా.

రిఫరీలతో అతని మాటతీరు చాలామందికి నచ్చేది కాదు. మ్యాచ్ నడుస్తుండగా పక్కన చేరి నెమ్మదిగా ఏదో చెబుతూ ఉండేవాడు. రిఫరీని కూడా ఇతనే నడుపుతున్నాడని సిడ్నీ అభిమానులు మండిపడేవాళ్ళు. 2007, 2009 ఎప్పుడు ప్రస్తావనకు వచ్చినా ఈ కోపం కూడా దానికి తోడవుతుంది. వాదన డబ్బు గురించి మొదలై ఎక్కడో గ్రాపుల్ టాకిల్ దగ్గర తేలుతుంది.

2020 అక్టోబర్ 25న సిడ్నీలో ఫైనల్. కోవిడ్ వల్ల స్టార్మ్ నెలల తరబడి మెల్‌బోర్న్ వదిలి క్వీన్స్‌లాండ్‌లో మకాం పెట్టి ఆడిన ఏడాది అది. ఎదురుగా పెన్రిత్. స్మిత్‌కు 37 ఏళ్ళు. విరామానికి 22–0. చివర్లో పెన్రిత్ తరుముకొచ్చి టెన్షన్ పెట్టినా 26–20తో స్టార్మ్ నిలబడింది. ఆ 26లో స్మిత్‌వి 14: ఒక ట్రై, అయిదు గోల్స్. మ్యాచ్ అయ్యాక రిటైర్ అవుతున్నావా అని అడిగితే సూటిగా చెప్పలేదు, నెలల పాటు అలాగే నాన్చాడు. 2021 మార్చి 10న, కొత్త సీజన్ మొదలయ్యే ముందు రోజు, మెల్‌బోర్న్‌లోని ఏఏఎంఐ పార్క్ బయట అతనిదీ స్లేటర్‌దీ కంచు విగ్రహాలు ఆవిష్కరించారు. తన విగ్రహం పక్కనే నిలబడి, ఇక ఆడనని చెప్పాడు.